మన ఊరిని చూసి మనమే భయపడ్డాం

ఈసారి పోస్ట్ కొంచెం పొడుగు. తిని, పనులన్నీ అయినంక తీరిగ్గా చదవండి.

మేం నలుగురం కిషన్‌బాగ్‌లో ఒక రూమ్ తీసుకుని ఉంటున్నాం. ఒకరిది ఉట్నూరు దగ్గర గూడెం, ఒకరిది దేవరకొండ వైపు తండా, ఒకరిది భద్రాచలం ఏజెన్సీ, ఒకరిది పాడేరు మన్యం. పగలంతా కాలేజీ, కోచింగ్, బస్సుల్లో తిరుగుడు. రాత్రి పదకొండు దాటాక గల్లీలో బండ్ల చప్పుడు తగ్గుతది. అప్పుడు జూపార్క్ వైపు నుంచి సింహం అరుపు వినిపిస్తది. రూమ్‌లో దిగిన మొదటి రాత్రి ఆ అరుపుకు నలుగురం లేచి కూర్చున్నాం. పొద్దున ఈ ముచ్చట చెప్తే పక్కింటి ఖాలా కడుపు పట్టుకుని నవ్వింది. "అడవి నుంచి వచ్చిన పిల్లలు పాతబస్తీలో సింహానికి భయపడ్డారా బేటా" అని. ఆమె మాటలో ఎగతాళి లేదు గానీ ఒక నమ్మకం ఉంది. అడవి పిల్లలకు భయం ఉండదని, భయపెట్టేవి ఏవో మన దగ్గరే ఉంటాయని. ఇంకో రోజు మెల్లగా అడిగింది కూడా: "మీ వైపు వాళ్లకు మంత్రాలు వస్తాయంట కదా, దిష్టి తీయడం వస్తదా?"

మాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఈ నాలుగు నెలల్లో మేం చదివిన పుస్తకాలు కూడా దాదాపు అదే మాట చెప్పాయి.

ఈ నాలుగు నెలలు మేం భయపెట్టే నవలలు వరసపెట్టి చదివాం. హారర్, సస్పెన్స్, క్రైం, ఏది దొరికితే అది. కొన్ని ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నవి. కొన్ని అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చదివినవి. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన ఆ లైబ్రరీలో ఫ్యాన్ కింద సీటు దొరికితే సాయంత్రం దాకా లేవం. రూమ్‌లో కరెంటు పోతే ఒకడు మొబైల్ లైటు పట్టుకుని పైకి చదివేవాడు, ముగ్గురం వినేవాళ్లం. చదివినంక మాలో మాకు ఒక పెద్ద పంచాయితీ వచ్చింది. అది నాలుగు గోడల మధ్య తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాం.

మొదలు యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం'. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, మన అమ్మానాన్నల తరాన్ని రాత్రిళ్లు నిద్రపోనీయని నవల. ఆస్తి కోసం ఒక చిన్నపాప మీద క్షుద్ర ప్రయోగం చేయిస్తారు. పాప రోజురోజుకూ పాడైపోతుంటది. ఒక పక్క డాక్టర్లు, ఒక పక్క హిప్నాటిజం, ఇంకో పక్క మంత్రం. అసలు పాపకు వచ్చింది జబ్బా, ప్రయోగమా అన్నది రచయిత తేల్చడు. తేల్చకపోవడంలోనే ఆయన పనితనం ఉంది. ఒక అధ్యాయంలో సైన్స్ గెలుస్తున్నట్టు ఉంటది, తర్వాతి అధ్యాయంలో మన కాళ్ల కింద నేల జారిపోతది. పాప దగ్గర ఇంక ఎన్ని రోజులు ఉన్నాయో మనమే లెక్కపెట్టుకుంటాం. పుస్తకం పక్కన పెట్టి బయటికి పోవాలంటే ఇద్దరం కలిసి పోయాం. ఆ రాత సత్తాను మేం తక్కువ చేయడం లేదు.

అయితే చదవడం పూర్తయిన రాత్రి మా పాడేరు తమ్ముడు ఒక మాట అన్నాడు. "ఆ ప్రయోగం ఎక్కడి నుంచి వచ్చిందో చూసిన్రా?"

చూశాం. ఒరిస్సా వైపు అడవి నుంచి. మాంత్రికులు ఉండే ఊరు ఒకటి, అక్కడి కాద్రా అనే మాంత్రికుడు. ఆస్తికి ఆశపడ్డది పట్నంవాళ్లు. డబ్బు పెట్టింది పట్నంవాళ్లు. పసిపాప చావాలని కోరుకున్నది కూడా వాళ్లే. కానీ పుస్తకం మూసినంక మనకు గుర్తుండేది వాళ్ల పేర్లు కాదు, కాద్రా. మా తమ్ముడి ఊరి నుంచి కొండ దిగితే ఒరిస్సానే. వాళ్లకు అటు చుట్టరికాలు ఉన్నాయి, సంతలు ఉన్నాయి. "నేను చిన్నప్పటి నుంచి పోయిన ఊర్ల లాంటి ఊరే అది. ఈ నవల చదువుతుంటే ఆ ఊరికి నేను భయపడ్డా" అన్నాడు.

తులసిదళం మీద రంగనాయకమ్మ గారు అప్పట్లోనే గట్టి విమర్శ రాశారు, దాన్ని గంజాయి దమ్ముతో పోల్చారు. ఆమె కోపం మూఢనమ్మకాన్ని అమ్ముకోవడం మీద. మా ప్రశ్న దాని పక్కనే ఉండే ఇంకో ప్రశ్న. భయం పుట్టించడానికి ప్రతిసారీ మన ఊరే ఎందుకు కావాలి?

ఒక్క నవలను పట్టుకుని అంటున్నామని అనుకోకండి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో, ఇవన్నీ మేం ఇష్టంగా చదివినవే. సస్పెన్స్ ఎట్లా నిలబెట్టాలో వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. కానీ మొత్తంగా మన క్రైం కథలు, సినిమాలు చూడండి. మంత్రం అంటే అడవి, దొంగ అంటే స్టువార్టుపురం. ఆ ఊరి పేరు చెప్తే చాలు, ఇంక ఆ పాత్ర దొంగతనం ఎందుకు చేశాడో చెప్పక్కర్లేదు. స్టువార్టుపురం ఎట్లా పుట్టిందో ఎంతమందికి తెలుసు? 1871లో బ్రిటిషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులని రాసిపెట్టారు. ఆ చట్టం నీడలోనే 1913లో ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి అక్కడ సెటిల్మెంట్ పెట్టారు. చట్టం 1952లో రద్దయింది. కథల్లో మాత్రం రద్దు కాలేదు. ఎరుకల మన జాబితాలోని జాతే. ఆ పిల్లలు కూడా ఈ గ్రూపులో ఉన్నారు. కాలేజీలో ఊరి పేరు చెప్పడానికి వాళ్లు ఎంత ఆలోచిస్తారో వాళ్లనే అడగండి.

ఇక్కడిదాకా చెప్పింది పుస్తకాల ముచ్చట. ఇప్పుడు చెప్పేది మా ముచ్చట. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాం.

మాలో ఒకడు ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్‌లో దుప్పటి కింద టార్చి పెట్టుకుని ఇట్లాంటి నవలలే చదివాడు. ఆ ఏడు వానాకాలం సెలవులకు ఊరికి పోయాడు. ఊర్లో ఒక ముసలమ్మ ఉండేది, వరసకు అవ్వ అయితది. ఆకుపసరు వైద్యం చేసేది, కాన్పులు చేసేది. మావాడు పుట్టినప్పుడు బొడ్డు కోసింది కూడా ఆమెనే. ఆ వానాకాలం రెండిళ్లలో పిల్లలు జ్వరమొచ్చి చనిపోయారు. ఒక పిల్లకు ఫిట్స్ వచ్చి, ఏవేవో మాటలు మాట్లాడి, తెల్లారేసరికి పోయింది. అంతకు ముందు వారం అవ్వ ఆ ఇంటికి పోయిందని ఎవరో అన్నారు. గుసగుస మొదలైంది. ఊర్లో చదువుకున్న పిల్లగాడు వీడొక్కడే. "నువ్వు సదువుకున్నోనివి కదరా, ఇట్ల చేస్తరా, నిజమేనా?" అని వీన్ని అడిగారు.

వీడు కాదని అనలేదు. నవలల్లో చదివిన బొమ్మలు, సూదులు, వెంట్రుకలు అన్నీ చెప్పాడు. పుస్తకంలో ఉందని కూడా చెప్పాడు. మర్నాడు అవ్వ పిలిచి చాయ్ ఇస్తే కడుపులో బాగలేదని తాగకుండా వచ్చేశాడు.

అవ్వను ఎవరూ కొట్టలేదు. అంతవరకు నయం. కానీ ఆమె ఇంటి ముందు నుంచి బోరింగ్‌కు పోవడం మానేశారు. కాన్పులకు పిలవడం మానేశారు. దీపావళి దాటేసరికి ఆమె కూతురి ఊరికి వెళ్లిపోయింది, అక్కడే చనిపోయింది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న మావాడు ఈ మాట నాలుగు నెలల క్రితం దాకా మాకు కూడా చెప్పలేదు. తులసిదళం పైకి చదువుతున్న రాత్రి మధ్యలో ఆపి చెప్పాడు.

మంత్రాల నెపంతో హత్య అనే వార్త మీరు పేపర్లో ఎన్నిసార్లు చూసి ఉంటారు? తెలంగాణలో బాణామతి అంటారు, మన్యంలో చిల్లంగి అంటారు, చేతబడి అన్నిచోట్లా అంటారు. పేరు ఏదైనా ఒంటరి ముసలమ్మనో, ముసలయ్యనో, భూమి తగాదా ఉన్న పాలోడినో చూసి పడతది. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో దీనికోసం ప్రత్యేక చట్టాలు చేయాల్సి వచ్చిందంటే సమస్య ఎంత లోతుగా ఉందో ఆలోచించండి.

ఆ పిల్లకు ఏమైందో మాకు తెలియదు, పరీక్ష ఎవరూ చేయలేదు. కానీ మన ఏజెన్సీలో ఇట్లా కనిపించే జబ్బులు ఏవో అందరికీ తెలిసి ఉండాలె. ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కితే ఫిట్స్ వస్తాయి, మనిషి స్పృహ తప్పుతాడు, సంబంధం లేని మాటలు మాట్లాడతాడు. చూసేవాళ్లకు అచ్చం ఏదో పట్టినట్టే ఉంటది. గంటల్లో ఆస్పత్రికి చేరిస్తే బతికే అవకాశం ఉంది. ఇంకోటి సికిల్ సెల్. ఎర్ర రక్తకణాలు కొడవలి లెక్క వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడతాయి. ఉన్నట్టుండి ఎముకల్లో భరించలేని నొప్పి, మళ్లీ నాలుగు రోజులకు మామూలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు అందితే బిడ్డకు వస్తది. అందుకే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకు వస్తది, పక్కింట్లో ఎవరికీ రాదు. "ఆ ఇంటి మీదే ఎవరో చేసిన్రు" అనడానికి ఇంతకంటే ఏం కావాలి? 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. మీ ఊరికి టీం వస్తే దగ్గరుండి అందరికీ పరీక్ష చేయించండి. ఒక చిన్న కార్డు అవ్వలాంటి వాళ్ల ప్రాణం కాపాడొచ్చు.

ఇక్కడ మా దేవరకొండ అన్న అడ్డం తిరిగాడు. అన్నది కూడా న్యాయమే, అందుకే రాస్తున్నాం. "నవల చదివి ఎవడూ అవ్వను వెళ్లగొట్టడు. చదువు రాని ఊర్లలో కూడా ఈ భయం ఉంది, నవలలకు ముందు నుంచీ ఉంది. మన పెద్దలే నమ్మారు. తప్పంతా పట్నం రచయిత మీద తోసి మనం చేతులు కడుక్కుంటే ఎట్లా? నవలను నవల లెక్క చదవాలె."

ఒప్పుకుంటున్నాం. భయం మనదే, పాతదే. నవల దాన్ని పుట్టించలేదు. కానీ మావాడు ఊర్లో ఏమన్నాడో మళ్లీ చూడండి. "పుస్తకంలో ఉంది" అన్నాడు. గుసగుస వరకే ఉన్న భయానికి అచ్చు వచ్చింది, సాక్ష్యం దొరికింది. చదువుకున్నోడు ఆపాల్సిన చోట చదువుకున్నోడే సంతకం పెట్టినట్టయింది. నవలను నవల లెక్క చదవడం పట్నంలో సులువు, ఎందుకంటే అక్కడ కాద్రా ఎవరి పక్కింట్లోనూ ఉండడు. మనకు మాత్రం పక్కింట్లో అవ్వ ఉంటది.

మరి చీకటి నవలలు మానేయాలా? మానేది లేదు. మా నలుగురికీ ఇప్పటికీ అవే ఇష్టం. అయితే ఇదే నాలుగు నెలల్లో వేరే రకం భయం పుట్టించిన పుస్తకాలు కూడా దొరికాయి. వాటి గురించి చెప్పకపోతే ఈ పోస్ట్ సగమే.

ఒకటి, గోపీనాథ్ మహంతి గారి 'పరజా'. 1945లో ఒడియాలో వచ్చిన నవల, మేం ఇంగ్లిష్ అనువాదంలో డిక్షనరీ పట్టుకుని చదివాం. అదే ఒరిస్సా, అవే కొండలు, కోరాపుట్ వైపు పరజా జాతి ఊరు. సుక్రు జాని అనే తండ్రి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఫారెస్ట్ గార్డు కన్ను పెద్ద కూతురి మీద పడుతుంది. ఒప్పుకోనందుకు అడవిలో చెట్లు కొట్టారని కేసు, జరిమానా. జరిమానా కట్టడానికి సాహుకారు దగ్గర అప్పు. అప్పు కోసం గోతి, అంటే వెట్టి. ఇందులో దయ్యం లేదు, మంత్రం లేదు. కానీ సాహుకారు లెక్క పుస్తకం తెరిచిన ప్రతిసారీ మా గుండె ఆగింది. తీర్చిన కొద్దీ అప్పు పెరుగుతది. చివరి పేజీలో ఏమైతదో చెప్పం, చదవండి. వెట్టి నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. ఆ నవల వచ్చిన 31 ఏళ్లకు. మా ఇళ్లలో తాతల ముచ్చట్లు కదిలిస్తే సుక్రు జాని మా నలుగురి ఇంట్లోనూ ఉన్నాడు.

రెండోది, కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టర్ ఆయన. పందులు మేపుకునే ఒక ముసలాయన, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది తప్పిపోతే వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. రాత్రి పడుతది, నక్కలు వస్తాయి. కథ అంతే. కానీ ఏ హారర్ నవలకూ తీసిపోని ఉత్కంఠ. తేడా ఏంటంటే, అడవిని చూసి మనం భయపడేటప్పుడు మనం ఆ ముసలాయన పక్కన నిలబడి ఉంటాం. ఆయన కళ్లతో చూస్తాం, ఆయన చెవులతో వింటాం. తులసిదళంలో అడవి ఎక్కడో దూరంగా ఉండి పట్నం మీదికి వస్తది. ఇందులో మనం అడవి లోపల ఉన్నాం, అడవి తెలిసిన మనిషితో ఉన్నాం.

మూడోది, అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం', 1983లో వచ్చింది. భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడని మనకు పుస్తకం తెరవకముందే తెలుసు. మా ఉట్నూరు అన్న ఇంట్లో భీం ఫోటో కూడా ఉంది. అయినా జోడేఘాట్ దగ్గరపడే కొద్దీ పేజీ తిప్పాలంటే చెయ్యి ఆగింది. ముగింపు దాచిపెడితేనే సస్పెన్స్ అని అనుకునేవాళ్లం. ఆ మనిషి మనకు కావాల్సినవాడైతే ముగింపు తెలిసినా సస్పెన్స్ ఉంటదని అప్పుడు తెలిసింది.

నాలుగోది మా వాదన మొత్తాన్ని తికమక పెట్టింది. సంతాల్ జాతి నుంచి వచ్చిన డాక్టర్, రచయిత హాంసదా సౌవేంద్ర శేఖర్ ఇంగ్లిష్‌లో రాసిన నవల, 'ద మిస్టీరియస్ ఎయిల్‌మెంట్ ఆఫ్ రూపీ బాస్కే', 2014లో వచ్చింది. దానికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం కూడా వచ్చింది. ఊర్లోనే గట్టి మనిషి అని పేరున్న రూపీకి అంతుపట్టని జబ్బు వస్తది. ఊర్లో దాహ్నీ, అంటే మంత్రగత్తె అన్న మాట తిరుగుతుంటది. రాసింది ఆదివాసీనే, ఇందులో కూడా మంత్రగత్తె ఉంది. "మరి ఇదేమంటరు?" అని దేవరకొండ అన్న నవ్వాడు.

చాలా రాత్రులు కొట్లాడుకున్నాం. ఆ నవల కూడా దాహ్నీ భయాన్ని గట్టిగా కాదనదు, అది మాకు నచ్చలేదు. ఆ మాట దాచం. కానీ ఒక తేడా ఉంది. అందులో మంత్రగత్తె అని పేరుపడ్డ మనిషికి ఇల్లు ఉంది, కోరికలు ఉన్నాయి, స్నేహాలు, పగలు ఉన్నాయి. రూపీకీ అన్నీ ఉన్నాయి. ఊర్లో నాట్లు వేస్తారు, పండగలు చేస్తారు, రాజకీయాలు మాట్లాడతారు, తాగుతారు, ఏడుస్తారు. భయం ఆ ఊరి జీవితంలో ఒక ముక్క. కాద్రాకు ఇంట్లో వండుకున్న కూర ఏంటో మనకు తెలియదు. ఆయనకు భయపెట్టడం తప్ప వేరే పని లేదు.

ఇన్ని పుస్తకాలు తిప్పినంక మా నలుగురికీ ఒక్క మాట మీద ఏకాభిప్రాయం వచ్చింది. భయపెట్టే నవల చదివినప్పుడు మనం అడగాల్సింది రెండే. భయం ఎవరి వైపు నుంచి వస్తోంది? ఆ మనిషికి ఈ కథలో బతుకు ఉందా, లేక భయపెట్టే పని ఒక్కటే ఉందా? ఈ రెండూ అడిగి, తర్వాత హాయిగా భయపడండి. తులసిదళం కూడా చదవండి. మేం దాచిపెట్టమని చెప్పడం లేదు. కానీ హాస్టల్‌లో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇచ్చేటప్పుడు పక్కన పరజాను, కేశవరెడ్డిని కూడా ఇవ్వండి. ఊర్లో ఎవరైనా "నువ్వు చదువుకున్నోనివి, నిజమేనా" అని అడిగితే, జవాబు చెప్పేముందు పీహెచ్‌సీకి ఫోన్ చేయండి.

ఇంకోటి. మన దగ్గర భయపెట్టే కథలకు కరువు లేదు. సర్వే చేయడానికి వచ్చిన జీపు, రాత్రికి రాత్రి మారిన పట్టా, 1/70 ఉన్నా చేయి దాటిపోయిన భూమి, వాన రాత్రి వాగు అవతల ఆగిపోయిన అంబులెన్స్, డోలీ మోస్తూ నడిచిన కొండదారి. వాటిలో ఉన్న సస్పెన్స్ ఏ నవలలో ఉంది? మనమే రాయాలె. తెలుగులో రాయండి, గోండిలో, కోయలో, లంబాడీలో, కువిలో రాయండి. అచ్చు తర్వాత సంగతి.

మావాడు అవ్వ కథ రాయడం మొదలుపెట్టాడు. మూడు వారాలైంది. జ్వరాల దాకా బాగానే రాశాడు. అవ్వ చాయ్ గిన్నె పట్టుకుని గడపలో నిలబడ్డ దగ్గర ఆగిపోయాడు. ఆ తర్వాత ఏం రాయాలో తెలుసు, చేయి రావడం లేదంటున్నాడు. మేం తొందర పెట్టడం లేదు. ఖాలా మాత్రం రోజూ అడుగుతోంది, "మీ కథలో ముసలమ్మ ఏమైంది బేటా" అని. ఆమె దిష్టి సంగతి మళ్లీ ఎత్తలేదు.

పూర్తయితే ఈ గ్రూపులోనే మొదట పెడతాం. ఈలోపు మీ ఊరి అవ్వల గురించి మీరు కూడా రాయండి.

జోహార్.
కిషన్‌బాగ్ రూమ్ నుంచి మేం నలుగురం